ఎక్కు డించిన విల్లు



ఆశ్వయుజమాసమున మహానవమినాడు ఆయుధములకు పూజ చేయుట మన యాచారము. రైతు నాగలికి, వడ్రంగి బాడిసెకు, కమ్మరి సుత్తెకు పసుపుకుంకుమలు పెట్టుదురు. కత్తియో తుపాకియో గల గృహస్థు దానిని వెలికి తీసి పీటపై నుంచును. ఈ యాచారమున పూజ యొక భాగము. ఏడాదికొకమారైన ఆయుధమును విప్పి చూచి, త్రుప్పు తుడిచి, నూనె పట్టించుట రెండవ భాగము. ఈ రెండింటికిని ముందు చేయవలసిన పని మఱియొకటి కలదు. దానిని గుఱించియే నేడు మనవి చేయదలచితిని.

పాండవులు విరాటనగరమునకు పోవుచు జమ్మిచెట్టుపై ఆయుధములను దాచిన కథ మీకు తెలియనిది కాదు. దసరానాడు జమ్మియాకును బంగారమని పెద్దల చేతిలో పెట్టి మ్రొక్కునపుడెల్ల ఆ కథ జ్ఞప్తికి వచ్చును. అందొక చిన్న విషయమును మాత్రము మనము దాటిపోవుచున్నాము. చెట్టుపై నుంచుటకు ముందు వారు తమ వింటినారులను సడలించిరని వ్యాసభారతము చెప్పుచున్నది. దీనినే తెలుగున ఎక్కు డించుట యందురు. చిరకాలము ఎక్కు డింపని విల్లు తన బిగువును కోల్పోవును. చేయి సోకిన కీడును తెచ్చును. కావున దాచదలచిన యాయుధమును మొదట నిర్వీర్యము గావించి, పిదప తుడిచి, ఆ పిదప దాచవలెను. ఇదియే ఆ కథలోని ధర్మము.

విరాటపర్వమును తెనిగించిన తిక్కన సోమయాజి, తన ప్రభువైన మనుమసిద్ధి పనిమీద మన యోరుగల్లునకు వచ్చి గణపతిదేవ చక్రవర్తిని దర్శించెనని సిద్ధేశ్వర చరిత్రము తెలుపుచున్నది. అట్టి యీ సీమలో మంచి యుక్కునకు కొఱత లేకుండెను. నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున మూసలలో కరగించిన యుక్కును పారశీక వర్తకులు వచ్చి కొనిపోయెడివారు. వాయిసీ యను ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు ఆ పనిని చూచి వ్రాసిన వివరణము 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయినది. ఎంత మేలైన యుక్కైనను ఇనుమే గదా! తడి తగిలిన త్రుప్పు పట్టును. తోలు తేమను పట్టియుంచును గనుక, కత్తినైనను పిస్తోలునైనను తోలు ఒరలో నెలల తరబడి విడిచిపెట్టరాదు.

తుపాకి వచ్చిన పిదప తేమకు మందు తోడైనది. 1795 ప్రాంతమున ఫ్రెంచి సేనాని రేమండు హైదరాబాదులో ఫిరంగుల కార్ఖానాను నెలకొల్పెను. తోప్ కా సాంచా యని దానికి పేరు. నాటి మందు సురేకారము, గంధకము, బొగ్గు కలిపినది. అది కాలగా మిగిలిన మసి గాలిలోని తేమను పీల్చి గొట్టమును తినివేయును. అందుచేత కాల్చిననాడే వేడినీటితో కడిగి, తడి లేకుండ ఆరబెట్టి, నూనె రాయుట నియమమయ్యెను. పొగలేని మందు వచ్చిన పిదపను, తూటా యడుగున నిప్పు పుట్టించు మందులో చాలకాలము పొటాసియము క్లోరేటు ఉండెడిది. అది యొకవిధమైన ఉప్పును మిగుల్చును గనుక వేడినీరు తప్పలేదు. నేటి తూటాలలో పెక్కింటికి ఆ దోషము లేదు. మసిని కరగించు ద్రావకము, పొడిగుడ్డ, రెండు చుక్కల నూనె చాలును. నూనె యెక్కువైనచో దుమ్ము పట్టి యంత్రము బిగియును. తూటాలోనికి దిగినచో దాని మందు చెడును.

19వ శతాబ్ది చివర బయలుదేరిన, తనంత తానే తూటా నింపుకొను పిస్తోలు ఈ పాత ధర్మమునకు క్రొత్త చిక్కు తెచ్చినది. జర్మనీలో మౌజరు పిస్తోలు 1896లో వెలువడెను. బ్రౌనింగు కల్పించిన పిస్తోలును అమెరికా సైన్యము 1911లో స్వీకరించెను. 1948 జనవరి 30వ తేదీన మహాత్ముని బలిగొన్నదియు ఈ జాతి పిస్తోలే. ఒక తూటా పేలగనే దీని పైభాగము వెనుకకు జరిగి ఖాళీ డొల్లను బయటికి నెట్టును. మరల ముందునకు వచ్చుచు, పిడిలోని పెట్టె నుండి వేఱొక తూటాను గొట్టములోనికి త్రోయును. చేతితో లాగి విడిచినను ఇట్లే జరుగును. విల్లు ఎక్కుపెట్టియున్నదో లేదో కంటికి తెలియును. ఈ యాయుధమును పైనుండి చూచి యేమియు చెప్పజాలము.

చాల యేండ్ల క్రిందట వరంగల్లు జిల్లాలోని యొక పల్లెలో నేను ఉపాధ్యాయుడనై యుంటిని. మహానవమినాడు ఒక గృహస్థు, అనుమతి పత్రము గలవాడే, పూజకు నన్ను పిలిచెను. పిస్తోలును తుడువబోవుచు ఆయన ముందుగా పైభాగమును లాగెను. తూటా యొకటి క్రింద పడినది. తరువాత పెట్టెను ఊడదీసి, ఖాళీయైనదని తలచి గుడ్డతో తుడువసాగెను. మీటకు వ్రేలు తగిలి అది పేలినది. గుండు ద్వారబంధమున దిగినది. పసుపుపళ్లెము పట్టుకొని యొక పసిబాలిక దానికి జానెడు దూరమున నిలిచియుండెను. తూటా క్రింద పడుట నేనును చూచితిని. పెట్టె యింకను లోపలనే యున్నదని గమనింపక మంత్రము చదువుచుంటిని. విరాటపర్వమును విద్యార్థులకు పలుమారులు పాఠము చెప్పిన నాకు, ఎక్కు డించితివా యని యడుగవలెనని ఆ క్షణమున తోచలేదు. ఆ పిల్ల కేమియు కాలేదు. నా మనసు మాత్రము నేటికిని కుదుటపడలేదు.

కావున క్రమము మఱువవలదు. గొట్టము మొనను మనుష్యులు లేని వైపునకు త్రిప్పి, వ్రేలిని మీటకు దూరముగ నుంచి, మొదట తూటాల పెట్టెను ఊడదీయవలెను. అటుపిమ్మట పైభాగమును వెనుకకు లాగి పట్టి, లోపల తూటా లేదని కంటితో చూచి, వ్రేలితో తడవి నిశ్చయించుకొనవలెను. తూటాలను వేఱొక గదిలో పెట్టి వచ్చిన పిదపనే గుడ్డయు నూనెయు పట్టవలెను. పని ముగిసిన వెనుక ఆయుధమును ఒకచోట, తూటాలను వేఱొకచోట తాళము వేసి భద్రపఱుపవలెను. శుభ్రపఱచుట యజమాని పని. మరమ్మతు మాత్రము 1959 ఆయుధ చట్టము ననుసరించి తగిన యనుమతి గలవాని పని.

గ్రామపెద్దలారా, ఇట్టి యాయుధము గల యిండ్లు కొలదియే. అయినను పూజ జరుగు పెక్కుచోట్లకు మిమ్ము పిలుతురు. అక్షతలు చేత బట్టుటకు ముందు ఆ యింటి యజమానిని ఒక్కమాట అడుగుడు: “నాయనా, ఎక్కు డించితివా?” అతడు మీ యెదుట మరల చూపినగాని ఆ పీటచెంతకు పిల్లలను రానీయకుడు.