తలకొక పెన్నీ

వంటకు బియ్యము కొలుచునప్పుడు ప్రతిదినము ఒక పిడికెడు ధర్మకార్యమునకై వేరుగా తీసియుంచు ఆచారము మన ఇండ్లలో కలదు. ఆ పిడికెడు ఎవరికిని భారము కాదు. ఏడాది తిరుగునప్పటికి కుండలు నిండును. ఇట్టి ఏర్పాటునే ఒక దేశము వైద్య పరిశోధన కొరకు శాసనముగా చేసికొనిన వృత్తాంతమును శ్రోతలకు మనవి చేయుచున్నాము.

1911లో బ్రిటిష్ పార్లమెంటు జాతీయ బీమా చట్టమును ఆమోదించెను. దానిని ప్రవేశపెట్టినవారు నాటి ఆర్థికమంత్రి లాయిడ్ జార్జి. ఆనాడు క్షయను నయము చేయు మందు లేదు. అందుచే ఆ వ్యాధి సోకిన శ్రామికులను శానిటోరియములలో ఉంచి చికిత్స చేయించుటకు ఆ చట్టము వీలు కల్పించెను. దానితోపాటు, బీమా పొందిన ప్రతి వ్యక్తి పేర సాలునకు ఒక పెన్నీ పరిశోధనకు వినియోగింపవచ్చునని ఒక నిబంధన చేర్చబడెను. ఆనాడు పెన్నీ యనగా పౌండులో 240వ వంతు. అయినను కోటికి పైబడిన జనము పేర అది ఏటేట సుమారు 57,000 పౌండులయ్యెను.

ఈ ధనమును వినియోగించుటకు 1913లో వైద్య పరిశోధనా సంఘము ఏర్పడెను. 1920లో అది మండలిగా మారి, పార్లమెంటు నేరుగా మంజూరు చేయు గ్రాంటుతో నడువసాగెను. దాత యొసగు విరాళము ఎంత పెద్దదైనను నేడు వచ్చి రేపు ఆగిపోవచ్చును. పరిశోధకునకు కావలసినది మరుసటి ఏడును పని సాగునను ధైర్యము. ఆ ధైర్యమును చట్టమే ఈయగలదు.

దాని ఫలమెట్టిదో చూతము. 1948లో ఆ మండలి స్ట్రెప్టోమైసిన్ పరీక్షా ఫలితములను ప్రకటించెను. ఆరు మాసములలో, మందు పుచ్చుకొనిన 55 మంది క్షయరోగులలో మరణించినవారు నలుగురు. విశ్రాంతి మాత్రమే తీసికొనిన 52 మందిలో 14 మంది.

1956లో, తెలుగువారికి సుపరిచితమైన మద్రాసు నగరమున, ఆ మండలియు, భారత వైద్య పరిశోధనా మండలియు, మద్రాసు ప్రభుత్వమును, ప్రపంచ ఆరోగ్య సంస్థయు కలసి క్షయ చికిత్సా పరిశోధన కేంద్రమును నెలకొల్పినవి. పేద రోగులలో కొందరిని ఇంటనే యుంచి, కొందరిని శానిటోరియమునకు పంపి, అందరికిని ఒకే మందుల నిచ్చిరి. ఇంటి చికిత్సయు దాదాపు అంత గుణమునే ఇచ్చెనని 1959లో వెల్లడియయ్యెను. ఇంటిలోనివారికి అందువలన వ్యాధి అధికముగా అంటుట లేదనియు పిమ్మటి పరిశీలనలో తేలెను. రోగి మాసముల తరబడి ఆలుబిడ్డలను విడిచి యుండవలసిన దుఃఖము ఆ విధముగా తగ్గెను.

శానిటోరియములకు వీలు కల్పించిన చట్టములోని పెన్నీయే, ఏబది యేండ్లు నిండకముందే, వాటి అవసరమును తగ్గించు జ్ఞానమునకు దారి తీసెను. ఏ పిడికెడు ఏ ఆకలిని తీర్చునో ముందుగా ఎవరెరుగుదురు? తీయుట మానిన ఇంట మాత్రము కుండ నిండదు.