కాల్చినవాళ్ల మీద విచారణ ఎవరు చేస్తారు? గ్రాండ్ జ్యూరీ నుంచి ఆర్డీవో ఆఫీసు దాకా

రెజిమెంటల్ బజార్ నుంచి సికింద్రాబాద్ స్టేషన్‌కు నడిచే వెళ్లొచ్చు. 2022 జూన్ 17న అగ్నిపథ్ పథకాన్ని వ్యతిరేకిస్తూ ఆ స్టేషన్‌లో ఆందోళన జరిగింది. రైళ్లు తగలబడ్డాయి. పోలీసు కాల్పుల్లో వరంగల్ జిల్లాకు చెందిన ఒక బీసీ యువకుడు చనిపోయాడు. సైన్యంలో చేరాలని వచ్చిన పిల్లగాడు. రాష్ట్ర ప్రభుత్వం ఆ కుటుంబానికి 25 లక్షల రూపాయలు, ఇంట్లో ఒకరికి ఉద్యోగం ప్రకటించింది. పరిహారం వేరు, జవాబుదారీ వేరు. ఆ తూటా పేల్చాల్సిన అవసరం నిజంగా ఉందా అన్నది తేల్చేది ఎవరు? మన బస్తీల్లో ఈ ప్రశ్న అడిగితే ఎక్కువమంది నవ్వి ఊరుకుంటారు. ఆ నవ్వు వెనక ఉన్న అపనమ్మకం గురించే ఈ వ్యాసం.

అమెరికాలో ఏం జరిగింది?

2014 ఆగస్టు 9న మిస్సోరీ రాష్ట్రంలోని ఫెర్గూసన్‌లో మైఖేల్ బ్రౌన్ అనే 18 ఏళ్ల నల్లజాతి యువకుడిని ఒక తెల్లజాతి పోలీసు కాల్చి చంపాడు. ఆ పోలీసు మీద నేరాభియోగం మోపాలా వద్దా అన్నది గ్రాండ్ జ్యూరీ ముందుకు వెళ్లింది. ఇది శిక్ష వేసే జ్యూరీ కాదు. కేసు కోర్టుకు వెళ్లాలా లేదా అన్నది మాత్రమే తేలుస్తుంది. ఆ 12 మందిలో తొమ్మిది మంది తెల్లవాళ్లు, ముగ్గురు నల్లవాళ్లు. అభియోగం మోపాలంటే కనీసం తొమ్మిది మంది ఒప్పుకోవాలి. నవంబర్ 24న అభియోగం అక్కర్లేదని ప్రకటించారు. ఊరు భగ్గుమంది. పది రోజులు తిరగకుండానే, డిసెంబర్ 3న, న్యూయార్క్‌లో ఎరిక్ గార్నర్ మరణంలోనూ అదే జవాబు వచ్చింది.

కోపం తీర్పు మీద మాత్రమే కాదు, పద్ధతి మీద కూడా. గ్రాండ్ జ్యూరీ మూసిన తలుపుల వెనక కూర్చుంటుంది. సాక్ష్యం ముందు పెట్టేది ప్రాసిక్యూటర్. ఆయన రోజువారీ కేసులన్నీ నడిచేది పోలీసుల సాయంతోనే. చనిపోయినవాడి కుటుంబం తరఫున లోపల లాయరు ఉండడు. 2015 మార్చిలో అమెరికా న్యాయశాఖ రెండు నివేదికలు ఇచ్చింది. ఆ ఒక్క పోలీసు మీద కేసు పెట్టడానికి ఆధారాలు చాలవంది. అదే సమయంలో ఫెర్గూసన్ పోలీసుశాఖ నల్లవాళ్ల పట్ల వివక్షతో నడుస్తోందని కూడా తేల్చింది. అపనమ్మకం ఒక్క ఘటనతో పుట్టింది కాదని ఆ రెండో నివేదికే చెబుతోంది.

మన దగ్గర ఎలా నడుస్తుంది?

మనకు గ్రాండ్ జ్యూరీ లేదు. ఎన్‌కౌంటర్ జరిగితే మెజిస్టీరియల్ విచారణ ఉంటుంది. సాధారణంగా దాన్ని చేసేది ఆర్డీవో స్థాయి అధికారి. తెలిసినవాళ్లు ఫలానా తేదీలోగా వచ్చి చెప్పుకోవచ్చని పేపర్లో ప్రకటన వస్తుంది. పోలీసులూ ఆ అధికారీ ఇద్దరూ ఒకే ప్రభుత్వం కింద పనిచేసేవాళ్లు. చనిపోయినవాళ్ల కుటుంబం పోలీసులను దాటుకుని ఆ ఆఫీసు మెట్లెక్కాలి.

కస్టడీ మరణాలకు నియమం వేరు. 2006లో అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం జ్యుడీషియల్ మేజిస్ట్రేట్ విచారణ చేయాలి. ఇప్పుడది భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 196వ సెక్షన్‌లో ఉంది. ఇక పోలీసులను కోర్టుకు ఈడ్చాలంటే ఇంకో గోడ ఉంది. విధి నిర్వహణలో చేసిన పనికి ప్రభుత్వ అనుమతి లేకుండా ప్రాసిక్యూషన్ కుదరదని 218వ సెక్షన్, గుంపు మీద కాల్పులకైతే 151వ సెక్షన్ చెబుతాయి.

ఈ గోడల మీద పోరాటం తెలుగు నేలలో పాతదే. ఎమర్జెన్సీ కాలపు ఎన్‌కౌంటర్లపై 1977లో తార్కుండే కమిటీ నిజనిర్ధారణ చేసింది. తర్వాత వచ్చిన జస్టిస్ భార్గవ కమిషన్ బహిరంగ విచారణ మొదలుపెడితే, దాన్ని రహస్యంగా జరపాలని ప్రభుత్వం పట్టుబట్టింది. ఆ పని మధ్యలోనే ఆగిపోయింది. ఏపీసీఎల్‌సీ ఫిర్యాదు ఫలితంగానే 1997లో జాతీయ మానవ హక్కుల కమిషన్ ఎన్‌కౌంటర్లపై అన్ని రాష్ట్రాలకూ మార్గదర్శకాలు పంపింది. 2014 సెప్టెంబర్ 23న పీయూసీఎల్ కేసులో సుప్రీంకోర్టు ఎఫ్ఐఆర్‌ను, సీఐడీ లేదా వేరే స్టేషన్ పోలీసుల దర్యాప్తును, మెజిస్టీరియల్ విచారణను తప్పనిసరి చేసింది.

డిసెంబర్ 6

2019లో అంబేడ్కర్ వర్ధంతి రోజు తెల్లవారుజామున, షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో దిశ కేసు నిందితులు నలుగురిని పోలీసులు కాల్చి చంపారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. అదీ ఒక అపనమ్మకమే. కోర్టులు న్యాయం చేయవన్న అపనమ్మకం. సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ 2022లో వేరే మాట చెప్పింది. చంపే ఉద్దేశంతోనే కాల్చారని, చనిపోయినవాళ్లలో ముగ్గురు మైనర్లని, పది మంది పోలీసులపై హత్యానేరం కింద విచారణ జరగాలని తేల్చింది. ఆ తర్వాత వ్యవహారం తెలంగాణ హైకోర్టుకు చేరింది. కమిషన్ సిఫార్సు తనంతట తాను కేసు కాదు.

కులం ఎక్కడుంది?

2021 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా అడ్డగూడూరు స్టేషన్‌లో, దొంగతనం అనుమానంతో తెచ్చిన ఒక దళిత మహిళ చనిపోయింది. పీయూసీఎల్ హైకోర్టుకు వెళ్లాక మేజిస్ట్రేట్ విచారణకు, శవాన్ని వెలికితీసి మళ్లీ పోస్ట్‌మార్టం చేయడానికి ఆదేశాలొచ్చాయి. ఎస్సై, ఇద్దరు కానిస్టేబుళ్లను ఉద్యోగం నుంచి తీసేశారు. ఇళ్లలో పనిచేసుకునే ఆడమనిషి మీద అనుమానం ఎంత తేలిగ్గా వాలుతుందో, ఆమె చావును మామూలు చావుగా చూపడం ఎంత తేలికో ఈ కేసు చెబుతుంది. ఎవరూ కోర్టు తలుపు తట్టకపోతే ఇది కూడా ఫైల్లోనే ఉండిపోయేది.

మన చేతిలో ఏముంది?

కాల్పులైనా కస్టడీ మరణమైనా మొదట ఎఫ్ఐఆర్ కాపీ అడగండి. అందులో చనిపోయినవాళ్లనే నిందితులుగా రాశారా, పోలీసుల పేర్లున్నాయా చూడండి. విచారణ నోటీసు గడువు దాటకముందే కుటుంబం తరఫున రాతపూర్వక వాంగ్మూలం ఇప్పించండి. పీయూసీఎల్ తీర్పులోని పద్ధతి పాటించకపోతే కుటుంబం సెషన్స్ జడ్జికి ఫిర్యాదు చేయొచ్చు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తిస్తే డీఎస్పీ స్థాయి అధికారే దర్యాప్తు చేయాలి. 15ఏ సెక్షన్ కింద బాధిత కుటుంబానికి కోర్టులో తన మాట వినిపించే హక్కుంది. మెజిస్టీరియల్ నివేదిక బయటకు రాకపోతే సమాచార హక్కు కింద అడగండి.

వ్యవస్థ మీద నమ్మకం ఉంచండని బస్తీకి చెప్పేవాళ్లు చాలామంది. విచారణ చేసేది ఎవరు, ఎవరి ముందు, కాగితం ఎవరికి చూపిస్తారు? ఈ మూడింటికీ జవాబు చెప్పకుండా నమ్మమంటే ఫెర్గూసన్ నమ్మలేదు. రెజిమెంటల్ బజార్ ఎందుకు నమ్మాలి?