ఊ కొట్టేవారేరీ?

మిరప కల్లంలో కూర్చుని కాయలకు తొడిమలు తీస్తూ మా అమ్మమ్మ కథ చెప్పేది. మేం ఊ కొట్టడం మరిచామా, టక్కున ఆపేసేది. "వినేవాళ్లు లేని కథ నాకెందుకే?" అనేది.

ఈ ఊ కొట్టడానికి మన గుంటూరు సీమలో పెద్ద చరిత్రే ఉంది. బుర్రకథే చూడండి. కథకుడికి అటూ ఇటూ ఇద్దరు వంతలు. వాళ్లు "తందాన తాన" అని ఊరుకోరు. ఒకరు హాస్యమాడతారు, ఇంకొకరు లోకం సంగతులు ఎత్తుతారు, మధ్యలో అడ్డుపడి ప్రశ్నలు వేస్తారు. జనం తరఫున వినే పనీ, అడిగే పనీ వాళ్లదే. 1920లో పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్‌గారు ఈ కళతోనే 1986లో పద్మశ్రీ అందుకున్నారు.

1948 డిసెంబరు 1న విజయవాడ రేడియో కేంద్రం మొదలైంది. ఎంత మంచి మాట వచ్చినా, మనం కొట్టే ఊ రేడియోకి వినపడదు గదా! ఈ లోటు పెద్దలకూ తట్టింది. 1956లో పూనా ప్రాంతంలో 150 పల్లెల్లో శ్రోతల బృందాలు పెట్టారు. వినడం, చర్చించుకోవడం, తమ ప్రశ్నలు కేంద్రానికి పంపడం. కెనడా రైతుల దగ్గర నేర్చిన పద్ధతి అది. తర్వాత దేశమంతా పాకింది గాని, ఎక్కువకాలం నిలవలేదు.

ఆ లోటు ఎంత ఖరీదైనదో పత్తి చేలల్లో తెలిసింది. 1980ల్లో వచ్చిన పైరిత్రాయిడ్ మందులు కాయతొలుచు పురుగుతో పాటు తెల్లదోమను తినే మిత్రపురుగుల్నీ చంపాయి. కొట్టినకొద్దీ దోమ పెరిగింది. చాలాచోట్ల మందు అమ్మేదీ, అప్పిచ్చేదీ, సలహా చెప్పేదీ ఒక్కడే. ఇక రైతు మాట వినేదెవరు?

రైతు మాత్రం ఇంట్లో మాట విన్నాడా? "ఆకు పట్టుకుంటే చేతులకి జిగట అంటుతోందయ్యా, ఈ మందు పనిచెయ్యట్లేదు" అని మా పెద్దమ్మ చెప్పింది. "నీకేం తెలుసే" అని పెదనాన్న ఇంకో డబ్బా తెచ్చారు. ఆ జిగట మీదే మసి పట్టింది. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పంట పోయింది, అప్పులు మిగిలాయి. ప్రకాశంలో ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. మా పెదనాన్న బతికారు. ఆరెకరాల్లో నాలుగు పోయాయి.

2004లో రైతులు ఫోను చేసి అడిగే కిసాన్ కాల్ సెంటర్లు వచ్చాయి. మేలే. ఇప్పుడు అందరి చేతుల్లోనూ సెల్‌ఫోన్లే.

మొన్న ఊరెళ్లాను. పెద్దమ్మ ఆ ఏటి సంగతి చెబుతోంది. మనవడు ఫోను చూసుకుంటూ ఊ, ఊ అంటున్నాడు. ఆవిడ ఆగి, "ఇప్పుడు నేనేం చెప్పాన్రా?" అంది. వాడు నీళ్లు నమిలాడు. ఫోను బోర్లించి పక్కన పెట్టించి, మళ్లీ మొదట్నుంచీ అందుకుంది.