మద్రాసు రైల్వే కంపెనీ: తిరువళ్ళూరు, తిరుత్తణి రైలుమార్గం

మద్రాసు రైల్వే కంపెనీ దక్షిణ భారతదేశంలో తొలి ప్రయాణికుల రైలు నడిపిన ప్రైవేటు సంస్థ. లండనులో వాటాలు అమ్మి సేకరించిన డబ్బుతో మద్రాసును ఒకవైపు పడమటి తీరంతో, మరోవైపు బొంబాయి మార్గంతో కలిపింది. తిరువళ్ళూరు ఈ రెండు మార్గాలకూ ఉమ్మడి స్టేషను. తిరుత్తణి బొంబాయి వైపు వెళ్ళే శాఖ మీద ఉంది.

1853లో మద్రాసులోని రాయపురంలో పనులు మొదలయ్యాయి. 1856 జూలై 1న గవర్నరు లార్డ్ హారిస్ రాయపురం నుంచి వాలాజా రోడ్డు దాకా సుమారు వంద కిలోమీటర్ల మార్గాన్ని ప్రారంభించారు. అదే రోజు మరో రైలు తిరువళ్ళూరు దాకా వెళ్ళి వచ్చింది. తర్వాత అరక్కోణం దగ్గర చీలిన వాయవ్య శాఖ తిరుత్తణి, పుత్తూరు, రేణిగుంట, కడప, గుత్తి, ఆదోని మీదుగా సాగి 1871లో రాయచూరు వద్ద బొంబాయి నుంచి వచ్చిన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వేను కలుసుకుంది. ఎడ్లబండి వేగానికి అలవాటుపడిన జనానికి ఆ కాలపు హైస్పీడు రైలు ఇదే.

పేరుకు ప్రైవేటు పెట్టుబడే కానీ, దాని వెనక సర్కారు హామీ ఉంది. భూమి ఉచితంగా దక్కింది. వాటాదారుల సొమ్ముకు ఏటా 5 శాతం రాబడి వచ్చేలా చూస్తామని ప్రభుత్వం మాట ఇచ్చింది. వంద పౌన్ల వాటా మీద రైలు మూడు పౌన్లే సంపాదిస్తే, మిగతా రెండూ భారత ఖజానా కట్టాలి. అంటే తిరుత్తణి రైతు రైలెక్కినా ఎక్కకపోయినా, అతని శిస్తులోంచి కొంత లండను మదుపరికి చేరేది. 5 శాతం దాటి లాభం వస్తే మాత్రం కంపెనీకీ వాటా ఉండేది. రాబడి ఎలాగూ ఖాయం కాబట్టి పొదుపుగా కట్టాలన్న పట్టింపు తగ్గింది. 1872లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు వైస్రాయి మండలి మాజీ ఆర్థిక సభ్యుడు విలియం మాసీ ఈ మాటే చెప్పారు: హామీ ఉన్నంతకాలం తన డబ్బు నదిలో పోసినా, ఇటుకలుగా మారినా మదుపరికి ఒకటేనని. రైలు కంటే కాలువలే ఈ దేశానికి మేలని నీటిపారుదల ఇంజనీరు ఆర్థర్ కాటన్ వాదించడానికి ఖర్చు కూడా ఒక కారణం.

1907 ముగిసేసరికి ప్రభుత్వం కంపెనీని కొనేసింది. 1908లో మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే ఏర్పడింది. 1951 ఏప్రిల్ 14న ఆ సంస్థ దక్షిణ రైల్వేలో కలిసింది. అప్పటిదాకా చిత్తూరు జిల్లాలో ఉన్న తిరుత్తణి, సరిహద్దు వివాదంపై పటాస్కర్ చేసిన సిఫారసులను అనుసరించి చేసిన చట్టంతో 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రానికి వెళ్ళింది. రాష్ట్రం మారినా తిరుపతి వైపు రాకపోకలు మాత్రం ఆగలేదు. సప్తగిరి ఎక్స్‌ప్రెస్ నేటికీ ఆ తోవనే వెళుతుంది.

ప్రైవేటు రైలు ఆలోచన 2020 జూలైలో మళ్ళీ వచ్చింది. గంటకు 160 కిలోమీటర్ల వేగంతో నడవగల 151 రైళ్ళు, సుమారు 30 వేల కోట్ల పెట్టుబడి, 35 ఏళ్ళ ఒప్పందం అని రైల్వే శాఖ పన్నెండు మార్గ సమూహాలకు (క్లస్టర్లకు) బిడ్లు పిలిచింది. అందులో చెన్నై ఒకటి. ఏడాది తర్వాత చూస్తే ఐఆర్‌సీటీసీ, హైదరాబాదుకు చెందిన మేఘా ఇంజనీరింగ్ మాత్రమే ముంబయి, ఢిల్లీ వైపు మూడు క్లస్టర్లకు ముందుకొచ్చాయి. చెన్నైకి ఎవరూ రాలేదు. పథకం అక్కడే నిలిచిపోయింది. తైవానులోనూ 2007లో ప్రైవేటు పెట్టుబడితో మొదలైన హైస్పీడు రైలు అప్పుల్లో కూరుకుపోయింది. 2015లో ప్రభుత్వం దాన్ని ఆదుకోవలసి వచ్చింది.

2023 సెప్టెంబరులో చెన్నై–విజయవాడ మధ్య మొదలైన వందే భారత్ తిరువళ్ళూరు, తిరుత్తణి మీదుగా ఎక్కడా ఆగకుండా రేణిగుంట చేరుతోంది. అది భారతీయ రైల్వే సొంత రైలు. చెన్నై నుంచి చిత్తూరు, బెంగుళూరు మీదుగా మైసూరుకు హైస్పీడు మార్గం ప్రతిపాదన ఉంది. దానికి ప్రైవేటు డబ్బు తెస్తామని ఎవరైనా అంటే, నష్టం వచ్చిన ఏడాది ఎవరు కడతారన్నది ఒప్పందంలో మొదటి పేజీలోనే రాసి, ప్రజల ముందు పెట్టాలి.