లెక్కకు అందని పిల్లలు: 1997 నాటి కార్చిచ్చు

ఆదిపర్వం చివర ఖాండవదహనం చెప్పేటప్పుడు, మందపాలోపాఖ్యానం దగ్గరకు వచ్చేసరికి నా తరగతి ఎప్పుడూ నిశ్శబ్దమయ్యేది. అడవి అంటుకొంది. తండ్రి మందపాలుడు దగ్గర లేడు. తల్లిపక్షి జరిత రెక్కలు రాని నలుగురు పిల్లలను మోసుకొని ఎగరలేక, ఎలుక కన్నంలో దూరండి, పైన మట్టి కప్పి వెళతాను అంటుంది. ఎలుక నోట పడడంకంటె అగ్నికి ఆహుతి కావడమే మేలని పిల్లలు ఒప్పుకోరు. తల్లిని వెళ్లిపొమ్మంటారు. చివరకు అగ్నిదేవుణ్ణి స్తుతించి బతుకుతారు.

ఒక యేడు వెనుక బెంచీ కుర్రవాడొకడు లేచి, "మాస్టారూ, మంట తాకలేదు సరే, పొగకు ఊపిరెలా ఆడింది?" అని అడిగాడు. తరగతి ఘొల్లున నవ్వింది. అగ్ని కరుణిస్తే పొగ కరుణించదా అని నేనూ నవ్వి దాటవేశాను. ఆ ప్రశ్నను అలా తేలికగా తీసివేయకూడదని, పదవీ విరమణ తరువాత ఇండొనేషియా కార్చిచ్చుల చరిత్ర చదువుతున్నప్పుడు కాని నాకు తెలిసిరాలేదు.

ఆ చరిత్ర అర్థం కావాలంటే ముందు అక్కడి నేల అర్థం కావాలి. సుమత్రా, బోర్నియో దీవుల పల్లపు అడవులలో రాలిన ఆకు, విరిగిన కొమ్మ, చచ్చిన వేరు నీటిలో నానుతూ పూర్తిగా కుళ్లకుండా వేల యేళ్లుగా పొరలు పొరలుగా పేరుకొన్నాయి. దీనిని పీట్ నేల అంటారు. కొన్నిచోట్ల పది మీటర్లకు మించిన లోతు ఉంటుంది. తడిగా ఉన్నంతకాలం ఇది అంటుకోదు. ఎండితే మాత్రం నేలంతా కట్టెలమోపే. పైన మంట ఆరినా లోపల కుంపటిలా వారాలు, నెలలు రగులుతుంది. మంటకంటె పొగే ఎక్కువ.

అటువంటి నేలమీద 1995 చివరలో అధ్యక్షుడు సుహార్తో పది లక్షల హెక్టార్ల వరిసాగు పథకం ప్రకటించాడు. స్థలం మధ్య కాలిమంతన్. అక్కడ నాలుగువేల కిలోమీటర్లకు పైగా కాలువలు తవ్వారు. కాలువ అనగానే గోదావరి, కృష్ణా డెల్టాలవాళ్లం మనకు పొలానికి నీరు తెచ్చేదే గుర్తుకు వస్తుంది. ఈ కాలువలు చేసిన పని వేరు. బురదనేలలోని నీటిని తోడి నదుల్లోకి పంపాయి. వరి పండలేదు. నేల ఎండింది. పథకాన్ని 1999లో రద్దు చేశారు కాని, అప్పటికే జరగవలసినది జరిగిపోయింది.

1997లో ఎల్ నినో వచ్చింది. వానలు వెనుకబట్టాయి. తోటల కోసం పెద్ద కంపెనీలు, పొలాల కోసం రైతులు అడవి నరికి నిప్పు పెట్టడం అక్కడ ఏటా ఉన్నదే. ఆ యేడు నిప్పు ఆగలేదు. ఆగస్టునుంచి నవంబరులో వానలు దిగేవరకు సుమత్రా, కాలిమంతన్ తగలబడుతూనే ఉన్నాయి. ఆ కొద్దినెలలలో గాలిలో కలిసిన బొగ్గుపదార్థం, ప్రపంచమంతా ఏడాదిపాటు బొగ్గు, చమురు మండించి వెలువరించేదానిలో 13 నుంచి 40 శాతానికి సమానమని 2002లో శాస్త్రజ్ఞులు అంచనా వేశారు.

పొరుగున మలేషియాకు చెందిన సరవాక్ రాష్ట్రంలో సెప్టెంబరు 19న అత్యవసర పరిస్థితి ప్రకటించారు. అక్కడి వాయు కాలుష్య సూచిక 300 దాటితేనే ప్రమాదకరం. కూచింగ్‌లో అది 800 దాటింది. బడులు, కచేరీలు మూతపడ్డాయి. సుమత్రా పొగ మలక్కా జలసంధి దాటి ద్వీపకల్పం పశ్చిమతీరాన్నీ కమ్మింది. మన శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాలనుంచి తోటకూలీలుగా వెళ్లినవారి సంతతి, పెరాక్ రాష్ట్రంలోని బాగాన్ దాతో వంటి ఊళ్లలో ఉన్న తెలుగువారు, ఈ తీరంమీదనే నివసిస్తారు. మలయ్ భాషలో దీనిని 'జెరెబు' అంటారు. ఏటా వచ్చే ఒక ఋతువు పేరులాగ ఆ మాట స్థిరపడిపోయింది.

వానలు పడ్డాయి, ఆకాశం తేటపడింది. విమానాలు, పర్యాటకం, పంటలు, కలప అన్నిటి నష్టాలకూ లెక్కలు కట్టారు. పిల్లల లెక్క మాత్రం చాలాకాలం ఎవరూ కట్టలేదు. కట్టడానికి ఆధారం ఏది? పల్లెలో పుట్టి నెల తిరగకుండా పోయిన బిడ్డ ఏ రికార్డులోకి ఎక్కుతుంది? కడుపులోనే పోయిన బిడ్డకు అసలు పేరే ఉండదు.

ఈ చిక్కును సీమా జయచంద్రన్ అనే ఆర్థిక శాస్త్రవేత్త విడదీసిన తీరు నన్ను ఆశ్చర్యపరచింది. ఆమె చనిపోయినవారిని వెదకలేదు. 2000వ సంవత్సరపు ఇండొనేషియా జనాభా లెక్కలు తీసుకొని, ఏ నెలలో పుట్టినవారు ఏ ప్రాంతంలో ఎందరున్నారో చూశారు. ఏ రోజున ఎక్కడ ఎంత పొగ కమ్మిందో ఉపగ్రహ కొలతలు చెప్పాయి. రెంటినీ పక్కపక్కన పెడితే, పొగ దట్టంగా ఉన్నచోట ఆ నెలలలో ఉండవలసిన పిల్లలు లేరు. అలా లేకపోయినవారు 15,600 మంది! ఆ కాలంలో పుట్టవలసినవారిలో 1.2 శాతం. 2009లో ఈ పరిశోధన అచ్చయింది. అందులో తేలిన సంగతులు ఇంకా రెండున్నాయి. ఈ నష్టానికి ముఖ్యకారణం తల్లి కడుపులో ఉండగా సోకిన పొగ. పేద ప్రాంతాలలో దెబ్బ మరీ ఎక్కువ.

హాజరు పట్టీ ముందు పెట్టుకొని ముప్పైయేళ్లకు పైగా పేర్లు పిలిచినవాణ్ణి. పలకని పేరు దగ్గర ఆగడం నాకు అలవాటు. పట్టీలోకే ఎక్కని పేర్ల సంగతి ఇది చదివేదాకా ఆలోచించలేదు.

నవజాత శిశువు నిమిషానికి ముప్పై నుంచి అరవైసార్లు ఊపిరి పీలుస్తుంది. పెద్దవాళ్లు పన్నెండు నుంచి ఇరవైసార్లు. బరువుతో పోల్చి చూస్తే పిల్లలు లోపలికి తీసుకొనే గాలి, దానితో పాటు పొగ, మనకంటె చాలా ఎక్కువ. పొగలోని అతిసూక్ష్మ రేణువులు తలవెంట్రుక మందంలో ముప్పయ్యో వంతుకూడా ఉండవు. అవి ఊపిరితిత్తుల అడుగుదాకా పోయి రక్తంలో కలుస్తాయి. మామూలు గుడ్డ మాస్కు వాటిని ఆపలేదు. ఆపగలిగిన ఎన్-95 మాస్కు పసిబిడ్డ ముఖానికి బిగుతుగా అమరదు. బడి మూసివేస్తే పిల్లవాడు ఇంటికి వెళతాడు. ఆ ఇల్లు గాలి ఆడటానికి సందులు విడిచి కట్టుకొన్న చెక్కయిల్లు అయితే, బడిలో పీల్చిన పొగనే ఇంట్లోనూ పీలుస్తాడు. ఇక గర్భిణికి ఏ సెలవు ప్రకటించగలం?

బతికినవారి సంగతి మరొక పరిశోధన చెప్పింది. 1997 పొగ సోకినప్పుడు గర్భంలో ఉన్నవారు పదిహేడేళ్ల వయసుకు సగటున 3.4 సెంటీమీటర్లు పొట్టిగా ఉన్నారని 2019లో ప్రకటించారు. ఆ పిల్లలకు పదిహేడేళ్లు నిండేసరికి 2015 వచ్చింది. మళ్లీ ఎల్ నినో. మళ్లీ అదే నేల అంటుకొంది. 26 లక్షల హెక్టార్లు కాలాయి. మధ్య కాలిమంతన్ ముఖ్యపట్టణం పలంక రాయలో కాలుష్య సూచిక రెండువేలకు చేరువైంది. శ్వాసకోశ వ్యాధులతో ఆసుపత్రులకు వచ్చినవారు ఐదు లక్షలు దాటారు.

ఈ నడుమ ఒప్పందాలు జరగలేదని కాదు. సరిహద్దులు దాటే పొగను అరికట్టడానికి ఆగ్నేయాసియా దేశాలు 2002లో కౌలాలంపూర్‌లో ఒడంబడిక చేసుకొన్నాయి. పొగకు మూలమైన ఇండొనేషియా దానిని ఆమోదించినది 2014లో, నాటి పది సభ్యదేశాలలో అందరికంటె చివర. 2016లో పీట్ నేలల పునరుద్ధరణకు ఒక సంస్థను స్థాపించి, తవ్విన కాలువలకు అడ్డుకట్టలు వేసి నేలను మళ్లీ తడపడం మొదలుపెట్టారు. నా మట్టుకు అసలైన శిశురక్షణ ఇదేననిపిస్తుంది. మాస్కులు పంచడం ఫొటోలకు బాగుంటుంది. కాలువకు అడ్డుకట్ట వేస్తే ఎవరూ చూడరు. అయినా 2019లో మరొక పదహారు లక్షల హెక్టార్లు కాలాయి. దాదాపు కోటిమంది పిల్లలు ప్రమాదంలో ఉన్నారని యునిసెఫ్ హెచ్చరించింది.

2015 పొగ తరువాత పలంక రాయ పౌరులు కొందరు సాక్షాత్తు దేశాధ్యక్షుడిమీదనే దావా వేశారు. వారు నష్టపరిహారపు సొమ్ము కోరలేదు. ఊపిరితిత్తుల వ్యాధులకు ఆసుపత్రి, పొగ రోగులకు ఉచిత వైద్యం, పొగ చొరబడని ఆశ్రయ స్థలాలు కావాలన్నారు. జరిత వెదకిన ఎలుక కన్నం వంటిదే, ఎలుక లేనిది! 2017లో స్థానిక న్యాయస్థానం వారి పక్షాన తీర్పు చెప్పింది. 2019లో సుప్రీంకోర్టు దానిని ఖాయం చేసింది. ప్రభుత్వం పునఃపరిశీలన కోరింది. 2022లో అదే సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది.