సాక్ష్యం

సాక్షి అంటే కళ్లారా చూసినవాడు. సంస్కృతంలో ‘అక్షి’ అంటే కన్ను. సాక్షాత్తు చూసినవాడే సాక్షి అని పాణిని సూత్రం. కోర్టుల్లో వినిపించే సాక్ష్యం తెలుగు క్రైస్తవుల ఇళ్లలో రోజూ వాడే మాట.

ప్రార్థన కూటంలో పాట అయ్యాక ఒకామె లేచి, కొంగు తల మీదికి లాక్కుని, ‘అందరికీ వందనాలండి’ అంటుంది. బిడ్డకు జ్వరం, చేతిలో డబ్బుల్లేని రాత్రి, మోకాళ్ల మీద ప్రార్థన, తెల్లారేసరికి తలుపు తట్టిన పొరుగింటావిడ... అది ఆమె సాక్ష్యం. వేదాంతం చదవక్కర్లేదు, తనకు జరిగింది చెబితే చాలు.

కొత్త నిబంధన గ్రీకులో సాక్షిని ‘మార్తుస్’ అన్నారు. స్తెఫను లాంటి తొలి క్రైస్తవులు ప్రాణాలిచ్చాక ఆ మాటకు విశ్వాసం కోసం చనిపోయినవాడనే అర్థమూ వచ్చింది. తెలుగులో అలాంటివాడు ‘హతసాక్షి’. ఎంత నిండైన మాట!

నాకు అన్నిటికన్నా విలువైన వాడుక ‘ఆయనకు మంచి సాక్ష్యం ఉంది’ అన్నది. ఇక్కడ సాక్ష్యమంటే నడవడి, చెప్పేది ఇరుగుపొరుగు. సంఘ పెద్దకు బయటివాళ్ల మంచి సాక్ష్యం ఉండాలని కొత్త నిబంధనలో తిమోతికి రాసిన మొదటి పత్రిక షరతే పెట్టింది. ఆదివారం సాక్ష్యం చెప్పడానికి మైకు అందుకునే ముందు, సోమవారం మనతో పనిచేసేవాళ్లు మన గురించి ఏం చెబుతారో ఆలోచించండి.