ఈ వయసులోనే

“ఒక్క వేలితో చూపించండమ్మా, ముందుగా మిమ్మల్ని ఏది బాధపెడుతోందో.”

డాక్టరమ్మ చేతి అద్దం అందించి తన కుర్చీ దగ్గరికి జరుపుకుంది. అక్కయ్య అద్దం తీసుకుంది గాని వేలు లేవడం లేదు. ముప్పై ఏళ్లకు పైగా జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పిన మనిషి ఆవిడ. పిల్లవాడి నోటుపుస్తకం తెరిస్తే తప్పు ఏ వరసలో ఉందో చూసీ చూడగానే వేలు పెట్టి చూపించేది. తన ముఖం దగ్గరికొచ్చేసరికి తటపటాయిస్తోంది. చివరికి రెండు అరచేతులూ చెవుల పక్కన ఆనించి చెంపల్ని వెనక్కి లాగి పట్టుకుంది. “ఇలా ఉండేదాన్ని” అంది.

డాక్టరమ్మ నవ్వలేదు. మెల్లగా ఆ చేతులు కిందికి దించింది. “అందరూ ఇలాగే చూపిస్తారు. ఇప్పుడు లాగకుండా చెప్పండి.”

బంజారాహిల్స్‌లో ఒక చిన్న గది ఇది. గోడ పక్కన పరీక్ష మంచం ఉన్నా అక్కయ్యను నిటారుగా కుర్చీలోనే కూర్చోబెట్టారు. పడుకుంటే చర్మం చెవుల వైపుకి జారి, ఉన్న ముడతలు కూడా దాక్కుంటాయట. ఎదురుగా గోడ మీద ప్రాచీన శస్త్రవైద్యుడు సుశ్రుతుడి పటం. ప్లాస్టిక్ సర్జన్ల గదుల్లో తరచూ కనబడే బొమ్మే. తెగిన ముక్కును మనిషి సొంత చర్మంతోనే మళ్లీ కట్టే విద్య మన దేశంలో ఎన్నడో ఉంది. టిప్పు సుల్తాన్ సైనికులకు చిక్కి ముక్కు పోగొట్టుకున్న కావస్‌జీ అనే ఎడ్లబండి తోలే మనిషికి పుణె దగ్గర నుదుటి చర్మంతో ముక్కు కట్టారు. 1794లో లండన్ పత్రిక ‘జెంటిల్మన్స్ మ్యాగజైన్’ ఆ సంగతి బొమ్మతో సహా వేసింది. యూరప్ డాక్టర్లు దాన్ని చూసి నేర్చుకున్నారు. ఆ బండివాడు మళ్లీ నలుగురిలోకి తలెత్తుకుని వెళ్లడానికే ఆ కోతంతా ఓర్చుకుని ఉంటాడు. అందుకేనేమో, ఈ గదిలో కూర్చుని అక్కయ్యను చూస్తుంటే ఆవిడ కోరిక నాకు విచిత్రంగా అనిపించడం లేదు.

“ఎవరు కనబడినా ‘ఏమ్మా, ఒంట్లో బాగాలేదా, నిద్ర పట్టడం లేదా’ అంటున్నారండీ,” అంది అక్కయ్య, అద్దం ఒళ్లో బోర్లించి. “నన్ను నీరసపెట్టే జబ్బేం లేదు. రాత్రిళ్లు హాయిగా పడుకుంటాను. మావారు పోయి నాలుగేళ్లయింది. నేనింకా ఏడుస్తూ కూర్చున్నాననుకుంటున్నారు. నేను ఏడవడం లేదు.”

డాక్టరమ్మ ఏదో రాసుకుంది. తర్వాత లేచి వచ్చి తన బొటనవేలితో అక్కయ్య కనుబొమలను ఎముక మీద మెత్తగా అదిమి పట్టింది. “కళ్లు మూసుకోండి. నుదురు వదిలెయ్యండి. ఇంకా వదలండి.”

నేను ముందుకు వంగి చూస్తున్నాను. నుదుటి మీద అడ్డంగా ఉన్న గీతలు ఒక్కొక్కటే సద్దుమణిగాయి. నాకు తెలిసి ఏళ్లుగా ఉన్న గీతలవి.

“ఇప్పుడు తెరవండి. నుదురు లేపకుండా.”

కళ్లు సగమే తెరుచుకున్నాయి. పై రెప్పల చర్మం మడత పడి వెంట్రుకల మీదికి వాలింది. కుడి కంట్లో నల్లగుడ్డు పై అంచు దాని వెనక దాక్కుంది. డాక్టరమ్మ టార్చి వేసి, కంటిపాప మీద పడ్డ వెలుగు చుక్క దగ్గర్నుంచి రెప్ప అంచు దాకా చిన్న స్కేలుతో కొలిచింది. మామూలుగా అది 4, 5 మిల్లీమీటర్లు ఉండాలట. అక్కయ్యకు రెప్ప అంచు సరిగ్గానే ఉంది. దాని మీద వేలాడుతున్న చర్మమే చూపుకు అడ్డం పడుతోంది.

“అర్థమైందా అమ్మా? చూపు కోసం మీరు పొద్దస్తమానం కనుబొమలు పైకెత్తి ఉంచుతున్నారు. నుదుటి గీతలు అలా వచ్చాయి. సాయంత్రానికి తల బరువుగా ఉంటుందా?”

“ఉంటుంది. బీపీ అనుకున్నాను.”

ఇక్కడ నాకు ఒళ్లు ఝల్లుమంది. ఎందుకంటే కిందటి నెల మా వీధి చివర బ్యూటీ క్లినిక్‌లో ఒకమ్మాయి అక్కయ్య నుదురు చూసీ చూడగానే బొటాక్స్ ప్యాకేజీ రాసిచ్చింది. ఆ కాగితం ఇంకా నా సంచిలోనే ఉంది. తీసి డాక్టరమ్మకు ఇచ్చాను. ఆవిడ చదివి పక్కన పెట్టింది. బొటాక్స్ మంచి మందే. మెల్లకన్ను సరిచేయడానికి మొదలైన మందు, కనుబొమల మధ్య ముడతలకు 2002లో అమెరికాలో అనుమతి పొందింది. కండరాన్ని మూడు నాలుగు నెలలు వదులు చేస్తుంది, అంతే. కానీ అక్కయ్య నుదుటి కండరమే ఆవిడ రెప్పల్ని మోస్తోంది. దాన్ని వదులు చేస్తే కనుబొమలు దిగి, రెప్పలు ఇంకా వాలి, అక్కయ్య మూడు నెలల పాటు సగం మూసిన కళ్లతో తిరగాల్సి వచ్చేది. నుదురు నున్నగానే ఉండేది. సూది పట్టుకునే ముందు కళ్లు మూయించి చూడడానికి పట్టేది ఒక్క నిమిషం. ఆ నిమిషం లేకుండా డబ్బు అడిగేవాళ్లను చూస్తే నాకు కోపమొస్తుంది.

“ముఖానికి ఏం రాస్తున్నారు?”

అక్కయ్య హ్యాండ్‌బ్యాగులోంచి నలిగిన ట్యూబు బయటికొచ్చింది. మంగుకని మందుల షాపతను చీటీ లేకుండా ఇచ్చిందే. డాక్టరమ్మ దాన్ని వెలుగులో తిప్పి సన్నక్షరాలు చదివింది: హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మొమెటాసోన్.

“ఎన్నాళ్లుగా?”

“రెండు మూడేళ్లు ఉంటుందేమో. మానేస్తే మంట పుడుతుంది, మళ్లీ నల్లబడుతుంది.”

“మూడోది స్టెరాయిడ్ అమ్మా. ఇలాంటిది కొన్ని వారాలు, డాక్టరు కనిపెట్టుకుని ఉండగా వాడాలి. చూడండి,” అని అక్కయ్య చెంప మీద చర్మాన్ని రెండు వేళ్లతో సున్నితంగా సాగదీసింది. సన్నటి ఎర్ర నరాలు దారాల్లా బయటపడ్డాయి. చర్మం పల్చబడిందని నాలాంటిదానికి కూడా తెలుస్తోంది. రెండోది పనికొచ్చే మందేనట. ఎండకు ముదిరిన చర్మం మీద పనిచేస్తుందని గట్టి రుజువులున్న పైపూతల్లో అదొకటి. ముందు స్టెరాయిడ్‌ను మాన్పించాలి, చర్మం కోలుకున్నాక ఆ రెండోదాన్ని విడిగా కొద్దికొద్దిగా మొదలుపెట్టాలి. ఈలోగా లేజరు గాని, పీల్ గాని ముట్టుకోవద్దని గట్టిగా చెప్పింది. మన రంగు చర్మానికి వాత పడితే తగ్గాక తెల్లబడదు, నల్లటి మచ్చ మిగులుస్తుంది. ముడతలు తెల్లవాళ్లకు ముందొస్తాయి, మచ్చలు మనకు ముందొస్తాయి. విదేశీ వీడియోలు చూసి వచ్చేవాళ్లకు ఇదే చెప్పి చెప్పి గొంతు పోతోందంది.

తన ఫోనులో ఒక ఫొటో తీసి చూపించింది. 2012లో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో వచ్చిన ఫొటో. 69 ఏళ్ల అమెరికా డ్రైవరు, 28 ఏళ్లు డెలివరీ ట్రక్కు నడిపాడు. కుడి చెంప ఆ వయసుకు తగ్గట్టే ఉంది. కిటికీ వైపున్న ఎడమ చెంప దున్నిన చేనులా ముడతలు తేలి వేలాడుతోంది. చురుక్కుమనిపించే కిరణాలను గాజు చాలావరకు ఆపుతుంది, ముడతలు తెచ్చే యూవీఏను ఆపదు. అక్కయ్య చెయ్యి తనకు తెలియకుండానే కుడి చెంప మీదికి వెళ్లింది. ఉద్యోగం చేసినన్నాళ్లూ తెనాలి బస్సులో కుడివైపు కిటికీ సీటే ఆవిడది. మంగు కూడా ఆ వైపే చిక్కగా ఉంది. అప్పట్లో సన్‌స్క్రీన్ అన్న మాట మాకెవరికి తెలుసు? ముట్లుడిగిన తర్వాత మొదటి అయిదేళ్లలో చర్మంలో కొల్లాజెన్ దాదాపు 30 శాతం తగ్గిపోతుందని కూడా మాకెవరూ చెప్పలేదు. మా అమ్మ సున్నిపిండితో గట్టిగా రుద్దమంది, రుద్దుకున్నాం. ఈ వయసు పొడి చర్మానికి ఆ రుద్దుడు కూడా మంచిది కాదట. గోరువెచ్చటి నీళ్లతో స్నానం చేసి, ఒంటి తడి పూర్తిగా ఆరకముందే మాయిశ్చరైజర్ పట్టిస్తే దురదలు సగం తగ్గుతాయట. మంగును మామూలు వెలుతురు కూడా ముదరబెడుతుంది కాబట్టి ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని, రంగు కలిసిన సన్‌స్క్రీన్ రాసిచ్చింది. ఇంట్లో ఉన్నా రాసుకోవాలంది.

“కింది దవడ పళ్లు ఎన్ని తీయించారు?”

ఈ ప్రశ్న నేను ఊహించలేదు. అక్కయ్యకు కూడా వింతగానే తోచింది. రెండు వైపులా వెనక పళ్లు మూడేసి పోయాయి, కట్టించుకోలేదు. పళ్లు పోయిన చోట దవడ ఎముక అరిగిపోతుంది, చెంప లోపలికి పీక్కుపోతుంది, పెదవుల మూలలు కిందికి దిగుతాయి. నోటి పక్క లోతులకు ఫిల్లర్ అడుగుదామనుకున్న అక్కయ్యకు డాక్టరమ్మ ముందు పళ్ల డాక్టరు దగ్గరికి చీటీ రాసింది. సొంత సంపాదన వదులుకుని మరొకరి గుమ్మం చూపించే డాక్టరు మీద నాకు నమ్మకం కుదిరింది. రాకముందే ఆవిడ ఎం.సీహెచ్. ప్లాస్టిక్ సర్జరీ చదువునూ, మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌నూ సరిచూసుకునే వచ్చాను. ముఖం మీద కత్తి పెట్టించుకోబోయే ప్రతివాళ్లూ చేయాల్సిన పని అది.

“మరి ఫేస్‌లిఫ్టు?” ఇన్నాళ్లూ గుండెల్లో దాచుకున్న మాట అక్కయ్య చివరికి అనేసింది.

డాక్టరమ్మ దాటవేయలేదు. ఒక పెన్ను మూతతో అక్కయ్య కణత దగ్గర జుట్టులోంచి మొదలుపెట్టి, చెవి ముందుగా దిగి, తమ్మె కిందుగా తిరిగి, వెనక జుట్టులోకి గీత గీసినట్టు చూపించింది. కోత అక్కడ పడుతుంది. ఉత్త చర్మాన్ని లాగి కుడితే నిలవదు, ముఖం బిగదీసినట్టు కనబడుతుంది. దాని కింద కండరాలను పట్టి ఉంచే పొరను పైకెత్తి కట్టాలి. 1976లో ఇద్దరు ఫ్రెంచి సర్జన్లు ఆ పొరను వివరించాకే ఈ ఆపరేషన్ తీరు మారిపోయింది. కొన్ని గంటల పని. వాపు, కమిలిన నలుపు రెండు మూడు వారాలుంటాయి. ఫలితం ఏడు నుంచి పదేళ్లు ఉంటుంది, ఆ తర్వాత కూడా వయసు తన పని తాను చేస్తుంది.

“అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే చిక్కు చర్మం కింద రక్తం గూడు కట్టడం. బీపీ ఉన్నవాళ్లకు ఎక్కువ. మీరు రక్తం గడ్డకట్టకుండా ఎకోస్ప్రిన్ వేసుకుంటున్నారు. షుగరుంది. ముఖ కండరాలకు వెళ్లే నరం దెబ్బతింటే నోరు ఓ పక్కకు పోవచ్చు. అరుదు, చాలావరకు తిరిగొస్తుంది. అయినా చెప్పాలి. వద్దని నేను అనను. మీ గుండె డాక్టరు సరేనంటే చేయగలను. కానీ మీరు ఇందాక చెప్పిన బాధకు దవడ కింది చర్మం కారణం కాదు. మిమ్మల్ని నీరసంగా చూపిస్తున్నవి రెప్పలు.”

అక్కయ్య చాలాసేపు అద్దంలో చూసుకుంది. ఈసారి లాగలేదు. “దవడ సంగతి ఉండనివ్వండి. రెప్పలు చేయించుకుంటాను.”

అప్పుడే తమ్ముడి ఫోను. స్పీకరులో పెట్టింది. “ఈ వయసులో ఎందుకక్కా ఇదంతా? నలుగురూ నవ్వుతారు.”

“ఈ వయసులోనేరా. నలభైలో నా రెప్పలు వాలలేదు.”

వాడు మంచివాడే, అక్కంటే ప్రాణం. వాడు జుట్టుకు రంగు వేయని ఆదివారం లేదు. మా ఇళ్లల్లో పళ్ల సెట్టు కట్టించుకున్నా, మోకాలి చిప్ప మార్పించుకున్నా బత్తాయిలు పట్టుకుని పలకరించడానికి వస్తారు. ముసలి ఆడమనిషి తన ముఖం గురించి ఆలోచిస్తే మాత్రం ఆవిడకేదో పిచ్చి పట్టినట్టు చూస్తారు. అక్కయ్య ఎవరినీ మోసం చేయడం లేదు, పడుచుపిల్లలా కనబడాలని కోరడం లేదు. తాను లోపల ఎలా ఉందో ముఖం అలా కనబడాలని అడుగుతోంది. ఆ కోరికలో తప్పేముందో నాకు ఎంత ఆలోచించినా తోచడం లేదు.

లేవబోతూ అక్కయ్య మళ్లీ కూర్చుంది. “ఇంకోటుందండీ.” చెవి మీది జుట్టు తొలగించింది. పెళ్లినాటి బుట్టకమ్మల బరువుకు తమ్మె రంధ్రం చీలికలా సాగి, అంచున నూలుపోగంత చర్మం మిగిలింది. కమ్మలు లాకర్లో పెట్టి ఎన్నేళ్లయిందో! ఇది చాలా చిన్న పనట. అక్కడి వరకే మత్తిచ్చి, సాగిన అంచులు తీసేసి కుట్టేస్తారు. రెండు మూడు నెలలాగి, ఆ మచ్చకు కాస్త పక్కన మళ్లీ చెవి కుట్టించుకోవచ్చు. రెప్పలతో పాటే చేసేద్దామంది డాక్టరమ్మ.

పరీక్షలు రాసింది. ముందు కంటి డాక్టరు దగ్గర తడి పరీక్ష. రెప్ప అంచున కాగితపు పట్టీ పెట్టి, అయిదు నిమిషాల్లో ఎంత మేర తడుస్తుందో చూస్తారు. కళ్లు బాగా పొడిబారి ఉంటే రెప్ప కోశాక మంట పెరుగుతుంది. చూపుకు ఎంత అడ్డం పడుతోందో తేల్చే ఫీల్డ్ టెస్టు. మూడు నెలల షుగరు సగటు. ఎకోస్ప్రిన్ సొంతంగా ఆపొద్దు, గుండె డాక్టరు చెబితేనే ఆపాలి. వెల్లుల్లి మాత్రలు, విటమిన్ ఇ, చేపనూనె మాత్రం ఆపేయాలి, అవి కూడా రక్తం గడ్డకట్టడాన్ని మందగింపజేస్తాయి. అందం కోసం చేసేదానికి 18 శాతం జీఎస్టీ పడుతుంది, బీమా రాదు. చూపుకు అడ్డమని పరీక్షలో తేలితే ఆ రిపోర్టు పెట్టి కంపెనీని అడగండి, ఇస్తారని మాత్రం నేను మాటివ్వలేను అంది.

“మొదటి రాత్రి పక్కన ఎవరుంటారు?”

“మా చెల్లెలు” అంది అక్కయ్య నన్ను చూపించి.

“అయితే మీరు రాసుకోండి. తల ఎత్తుగా పెట్టి పడుకోబెట్టాలి. మంచుగడ్డ బట్టలో చుట్టి ఆనించాలి, నేరుగా పెట్టొద్దు. కమలడం, వాపు మామూలే. కానీ ఒక కంట్లోనే నొప్పి పెరుగుతూ పోయినా, చూపు మసకబారినా తెల్లారేదాకా ఆగొద్దు. కంటి వెనక రక్తం చేరిందేమో వెంటనే చూడాలి. చాలా అరుదు, కానీ చూపు పోయే ప్రమాదముంది. అర్ధరాత్రయినా ఈ నంబరుకు చేయండి.”

నేను రాసుకుంటున్నాను. అక్కయ్య నా భుజం మీదుగా తొంగి చూసింది. “నంబరు పెద్దంకెల్లో రాయవే. కళ్లజోడు పెట్టనివ్వకపోతే నాకు కూడా కనబడాలి.”